రెండో మాత్ర

కారా ఒర్యుక్,
1974 మార్చి 11.

అన్నయ్య తొక్తోసున్‌కు చెల్లెలు జిపార్ రాస్తున్నది.

అందరం క్షేమం అని మొదలుపెట్టడం మన ఇంటి మర్యాద. నాన్న యుద్ధం నుంచి రాసిన ఉత్తరాల్లో కూడా ఆ మాట తప్పలేదు. కనుక నేనూ తప్పను. అమ్మ క్షేమం. లేచి కూర్చుంటోంది, పొయ్యి దాకా నడుస్తోంది, ఆవు పాలు సరిగా పితకలేదని నిన్న నన్ను తిట్టింది కూడా. నేను క్షేమం. మన ఊరి నర్సు రైఖాన్ అక్క మాత్రం క్షేమంగా లేదు. దానికి కారణం నువ్వు, నేను. ఎవరి వంతు ఎంతో చెప్పడానికే ఈ ఉత్తరం.

మన పద్ధతి ప్రకారం అన్నను 'మీరు' అనాలి. ఇన్నేళ్లూ అన్నాను. ఈ ఒక్కసారికి నువ్వు అంటాను, ఓర్చుకో.

నీ ఫిబ్రవరి ఉత్తరం అందింది. నాలుగు పేజీలు, అన్నీ టైపు చేసినవే. కన్నతల్లి జబ్బు గురించి రాసే ఉత్తరం కూడా నువ్వు చెబుతుంటే ఇంకెవరో టైపు చేస్తారన్నమాట. అంటే నాకంటే ముందు మీ కార్యాలయంలో ఎవరో దాన్ని చదివారు. 'చదువు చాలని పల్లెటూరి నర్సు' అన్న చోట వాళ్లకు నవ్వొచ్చిందా? 'నా చెల్లెలి చేతకానితనం' అన్న చోట?

నీ ప్రశ్నలకు జవాబులు రాస్తాను. నువ్వు అడిగిన వరసలో కాదు, నాకు వీలైన వరసలో.

నాభి వేరు ఇంట్లోకి ఎవరు తెచ్చారని అడిగావు. అమ్మ తెచ్చింది. నువ్వు పుట్టక ముందు నుంచీ ఆ సీసా పై అరలో ఉంది. సారాలో నానబెట్టి మోకాళ్లకు రాసుకుంటుంది. ఆరేళ్లప్పుడు నువ్వు స్టూలెక్కి దాన్ని దించబోతే నాన్న కొరడా తీశాడు. మర్చిపోయినట్టున్నావు. రైఖాన్ అక్క ఆ వేరును తేలేదు, ఇవ్వలేదు, తాగించలేదు. పైగా మన గడప తొక్కిన ప్రతిసారీ "కాలిపా పిన్నీ, ఆ విషాన్ని పారెయ్యి. ఏదో ఒక రోజు పొరపాటున టీలో పోసుకుంటావు" అని గొడవ పెట్టేది. అమ్మేమో "నా మోకాళ్లు నువ్వు మోస్తావా?" అనేది. పంతొమ్మిదేళ్లుగా మూడు ఊళ్లకు ఆమె ఒక్కతే వైద్యం. మందుల సంచీ పట్టుకుని మంచులో నడిచే మనిషి మీద నువ్వు జిల్లా ఆరోగ్యశాఖకు ఫిర్యాదు రాశావు. నాటువేరు తాగించి ముసలామెను చావు దాకా తీసుకుపోయిందని రాశావు. ఒక్కరోజు ఇక్కడికి వచ్చి చూడకుండా, గుండె జబ్బుల ప్రొఫెసరు హోదాతో మాస్కో నుంచి రాశావు. వాళ్లు ఆమెను పని నుంచి ఆపి, మందుల బీరువా తాళం లాక్కున్నారు.

ఇప్పుడు జరిగింది మొదటి నుంచి చెబుతాను. నీకు సగమే తెలుసు.

కిందటి ఆగస్టులో నువ్వు మూడు రోజుల కోసం వచ్చావు. అమ్మ కాళ్లు ఉబ్బి ఉన్నాయి, రెండు మాటలకొకసారి ఊపిరి తీసుకుంటోంది. నువ్వు గుండె విన్నావు, చీటీ రాశావు. రోజూ పొద్దున గుండెకు ఒక డిగాక్సిన్ మాత్ర, వాపు తీయడానికి ఒక నీళ్ల మాత్ర. ఉప్పు వద్దు. తీపి వద్దు, ఎండు ఆప్రికాట్లు అసలే వద్దు, చక్కెర పెరుగుతోంది. ఆ చీటీని పొయ్యి పైన గోడకు మేకుతో కొట్టి వెళ్లావు. అమ్మకు చదవడం అంతంతమాత్రం. అయినా పొద్దున్నే దాని ముందు నిలబడి మాత్రలు వేసుకునేది. ఎవరొచ్చినా "మా తొక్తోసున్ చేతిరాత" అని చూపించేది.

అబద్ధం చెప్పను, ఆ మందు పనిచేసింది. సెప్టెంబరులో కాళ్లు మామూలయ్యాయి. అమ్మ తోట దాకా నడిచి వెళ్లి రాలిన పళ్లు ఏరింది. ఏరిందే కానీ నోట్లో వేసుకోలేదు, నువ్వు వద్దన్నావు కాబట్టి. గుండెకు కావాల్సిన పొటాషియం ఒంట్లోకి వెళ్లే పెద్ద దారి ఆ ఆప్రికాట్లే. నీళ్ల మాత్ర ఉన్నదాన్ని ఉన్నట్టు బయటికి తోడేస్తోంది. దాన్ని పూడ్చమని నీ చీటీలో ఒక్క ముక్క లేదు. మూడు రోజుల్లో రెండు విందులకు వెళ్లావు కదా, తొందరలో మర్చిపోయి ఉంటావు.

నేను చేసే పనేమిటో నీకెప్పుడూ సరిగా తెలియదు కాబట్టి చెబుతున్నాను. ఫ్రూంజె నగరంలో మా ఇన్‌స్టిట్యూటు ప్రయోగాల గదిలో ఒక గాజు గొట్టానికి కప్ప గుండెను కడతాను. లోపలికి ఉప్పునీళ్లు పోతుంటాయి. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఒక సన్నని పుల్ల లేచి, మసి పూసిన కాగితం మీద చిన్న కొండ గీస్తుంది. నీళ్లలో కాల్షియం పెంచితే కొండలు ఎత్తవుతాయి. పొటాషియం మరీ ఎక్కువైతే గుండె వదులై, చాపిన అరచెయ్యిలా ఆగిపోతుంది. డిగాక్సిన్ చుక్క వేస్తే అలసిన కండరం కూడా బలంగా బిగుస్తుంది. ఎంత ప్రాణవాయువు తాగిందో, ఎంత చక్కెర తిన్నదో కూడా కొలుస్తాను. ఆ మందు మేలేమిటంటే, అలసిన గుండె చేత పని ఎక్కువ చేయిస్తుంది, తిండి మాత్రం ఆ లెక్కన అడగనివ్వదు. కానీ నీళ్లలో పొటాషియం తగ్గించి అదే చుక్క వెయ్యి. కొండలు కాసేపు ఎత్తుగా లేస్తాయి. తర్వాత జతలు జతలుగా వస్తాయి, మధ్యలో ఖాళీలు. ఆఖరికి గుండె పిడికిలి బిగించినట్టు బిగిసిపోయి ఇక విచ్చుకోదు. సమయానికి పొటాషియం అందిస్తే తిరిగి వస్తుంది. ఆలస్యమైతే రాదు. పన్నెండేళ్లుగా నేను చూస్తున్నది ఇదే.

దీని మీద రాసిన వ్యాసం నీకు పంపాను. ఎర్ర పెన్సిలుతో పైన ఒక్క వాక్యం రాసి తిప్పి పంపావు. 'కప్ప మనిషి కాదు.' నీ స్నేహితులకు నన్ను పరిచయం చేసేటప్పుడు కూడా "మా చెల్లెలు, కప్పల్ని హింసిస్తుంది" అంటావు. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వేదాన్ని.

జనవరి సెలవులకు ఊరు వచ్చాను. అమ్మ సగమైపోయి ఉంది. నాలుగు రోజులుగా తిండి లేదు, తిన్నది నిలవట్లేదు. ఆయాసం తిరిగి మొదలైంది. నేను పోస్టాఫీసుకు వెళ్లి మాస్కోకు లైను అడిగాను. గంటన్నర కూర్చున్నాక నువ్వు దొరికావు. ఆ మాటలు నీకు గుర్తుండవు. నాకు అక్షరం అక్షరం గుర్తున్నాయి.

"ఏంటి జిపార్? జనం ఉన్నారిక్కడ, తొందరగా చెప్పు."

"అమ్మ ఏమీ తినట్లేదు. తింటే వాంతి. ఆయాసం మళ్లీ వచ్చింది. అన్నయ్యా, నాకేమనిపిస్తోందంటే, ఆ నీళ్ల మాత్రతో ఒంట్లో పొటాషియం పోయి..."

"నీకేమనిపిస్తోందో తర్వాత. కాళ్ల వాపు ఉందా?"

"కొంచెం ఉంది."

"ఆయాసం, వాపు. మందు చాలట్లేదు. రేపటి నుంచి గుండె మాత్రలు రెండివ్వండి."

"పొటాషియం తగ్గితే ఒక్క మాత్రే రెండింటి దెబ్బ కొడుతుంది. మా దగ్గర ఈ ఏడాది..."

"మీ దగ్గర కప్పలు, తల్లీ! అమ్మ కప్ప కాదు." నీ పక్కన ఎవరో నవ్వారు. "వాంతులు పొట్టలో జలుబు వల్ల. అది తగ్గుతుంది. గుండెల సంగతి గుండెల డాక్టరుకు వదిలెయ్యి. రెండివ్వు. ఇంకేమైనా చెప్పాల్సింది ఉందా?"

"లేదు" అన్నాను.

ఆ 'లేదు' దగ్గరికి మళ్లీ వస్తాను.

మర్నాటి నుంచి అమ్మకు రెండు మాత్రలు ఇచ్చాను. మూడు రోజులు ఇచ్చాను. నాలుగో రోజు పొద్దున, పాలు పితకడానికి వెళ్తానని పట్టుబట్టి లేచి, గుమ్మం దగ్గర కూలబడిపోయింది. నేను పరిగెత్తి రైఖాన్ అక్కను పిలిచాను. ఆమె మోకాళ్ల మీద కూర్చుని అమ్మ మణికట్టు పట్టుకుంది. నిమిషం చూసింది, రెండో నిమిషమూ చూసింది.

"నలభై. అదీ వరసగా లేదు. రెండు కొట్టి ఆగుతోంది" అంది. "ఏమిస్తున్నారు?"

గోడ మీది చీటీ చూపించాను. చీటీలో ఒకటి అనే ఉంది.

"అన్నీ ఆపెయ్" అంది. "మీ అన్న వచ్చి నన్ను ఉరి తీసినా సరే, ఆపెయ్."

పాల లారీని ఆపి, అమ్మను దుప్పట్లలో చుట్టి, నలభై కిలోమీటర్లు ఒళ్లో పెట్టుకుని జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్లింది ఆమె. దారంతా మణికట్టు వదల్లేదు. అక్కడ పొటాషియం ఎక్కించారు, చుక్క చుక్కగా, రెండు రోజులు. అమ్మ గుండె తిరిగి దారిన పడింది. నేను సెలవు పొడిగించుకుని ఊళ్లోనే ఉండిపోయాను. నీ ఫిర్యాదులో 'జిల్లా వైద్యుల సమర్థత వల్ల' అని రాశావు. ఆ లారీలో రైఖాన్ లేకపోతే వాళ్ల సమర్థతకు శవం దొరికేది.

అమ్మ ఆసుపత్రిలో ఉందన్న టెలిగ్రాం రెండు రోజులు ఎందుకు ఆలస్యమైందని అడిగావు. 'ఇంకేం లక్షణాలు కనిపించాయి?' అని నువ్వు అడగబోయే ప్రశ్నకు భయపడి.

ఇదిగో ఆ ప్రశ్నకు జవాబు.

నీకు ఫోను చేయడానికి ముందురోజు మధ్యాహ్నం అమ్మ కిటికీ దగ్గర కూర్చుని ఉంది. బయట తెల్లగా మంచు.

"జిపార్, మంచు మీద ఎవరైనా టీ పారబోశారా? అంతా పసుపుపచ్చగా ఉందేంటే?" అంది.

నేను తెల్ల పళ్లెం తెచ్చి ముందు పెట్టాను. "ఇది ఏ రంగు?"

"ఇదీ పచ్చగానే ఉంది. కడగలేదా?"

తొక్తోసున్, ఇక నీకు వేరే చెప్పక్కర్లేదు. వాంతులు పొట్ట జలుబు కావచ్చు. ఆయాసం వంద కారణాల వల్ల రావచ్చు. డిగాక్సిన్ తినే మనిషికి తెల్ల పళ్లెం పచ్చగా కనిపిస్తే, మందు ఎక్కువై విషమైందని వైద్యం చదివే కుర్రాళ్లు కూడా చెప్పేస్తారు. ఆ ఒక్క మాట ఫోనులో చెప్పి ఉంటే నువ్వు 'అన్నీ ఆపెయ్' అని అరిచేవాడివి. ఎంత గర్వం ఉన్నా నువ్వు అంత చెడ్డ డాక్టరువి కావు. ఆ మాట నా నాలుక చివరనే ఉంది. చెప్పబోతుంటే 'అమ్మ కప్ప కాదు' అన్నావు, ఎవరో నవ్వారు. ఇంకేమైనా చెప్పాల్సింది ఉందా అని అడిగావు. లేదన్నాను.

పోస్టాఫీసు నుంచి ఇంటికి నడుస్తూ నాకు నేను ఏం చెప్పుకున్నానో అదీ రాస్తాను. ప్రొఫెసరు గారు రెండన్నారు, రెండిద్దాం. ఏం జరుగుతుందో ఆయనే చూస్తాడు. అప్పుడు కప్ప ఏమిటో, మనిషి ఏమిటో తెలుస్తుంది. అమ్మ చచ్చిపోవాలని నేను అనుకోలేదు. నువ్వు తప్పని తేలాలని అనుకున్నాను. సమయానికి ఆపగలననుకున్నాను, మా గదిలో ఆపినట్టే.

నా పెట్టెలో నోటుపుస్తకం ఉంది. అందులో ఆ మూడు రోజుల అమ్మ నాడి రాసిపెట్టాను. మొదటి రోజు, పదిన్నర, అరవై రెండు. రెండో రోజు, మధ్యాహ్నం, యాభై నాలుగు, మూడు దెబ్బలకొక ఖాళీ. మూడో రోజు, నలభై ఎనిమిది, జతలు. గీతలు గీసి, వరసలు పెట్టి, కప్పలకు రాసేటట్టే రాశాను. పై వరసలో పేరు రాసే చోట 'కా' అని మాత్రం వేశాను. అమ్మ పేరు పూర్తిగా రాయడానికి చెయ్యి రాలేదు. దాన్నిబట్టి నీకు తెలియాలి, నేను చేస్తున్నదేమిటో నాకు బాగా తెలుసు.

ఇంకా ఉంది. ఆసుపత్రిలో డాక్టరు "ఇంట్లో ఇంకేమైనా వాడారా? నాటుమందులు?" అని అడిగాడు. పక్కింటామె "వాళ్లింట్లో నాభి వేరు ఉంటుంది" అంది. డాక్టరు నా వైపు చూశాడు. రెండు మాత్రల సంగతి చెప్పాల్సిన చోటు అది. నేను నేల చూశాను. ఆయన కాగితం మీద 'వేరు విషమని అనుమానం' అని రాసుకున్నాడు. ఆ కాగితం పట్టుకుని నువ్వు ఫిర్యాదు రాశావు. అంటే నీ అబద్ధానికి ముడిసరుకు ఇచ్చింది నేనే.

విచారణ మార్చి అయిదున జరిగింది. ముగ్గురు కూర్చున్నారు. రైఖాన్ అక్క ఒళ్లో చేతులు పెట్టుకుని ఎదురుగా కూర్చుంది. పెద్దాయన నీ ఫిర్యాదు పైకి చదివాడు. "మాస్కో ప్రొఫెసరు అంతటివారు ఊరికే రాస్తారా?" అన్నాడు. "నువ్వేమంటావు?"

"నేను వేరు ఇవ్వలేదు" అంది. అంతే. రుజువేదని అడిగితే ఆమె దగ్గర ఏమీ లేదు.

నేను లేచి నోటుపుస్తకం బల్ల మీద పెట్టాను. నీకు చెప్పిందంతా వాళ్లకూ చెప్పాను. నీ ఫోను సంగతి, పళ్లెం సంగతి, రెండో మాత్ర సంగతి. పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయాడు. పక్కనున్న ఆవిడ మాత్రం "నువ్వు ఆమె కడుపున పుట్టిన పిల్లవేనా?" అని అడిగింది. అది విచారణలో రాసుకునే ప్రశ్న కాదు. అయినా అవునన్నాను.

రైఖాన్ అక్కకు తాళం తిరిగి ఇచ్చారు. మా ఇన్‌స్టిట్యూటుకు కాగితం పంపారు. ఇప్పటికి నన్ను ప్రయోగాల గదిలోకి రావద్దన్నారు, మిగతాది ఏప్రిల్‌లో తేలుస్తారట. నీ మీద వాళ్లేమీ రాయలేదు. మాస్కో ప్రొఫెసరును ముట్టుకునే చెయ్యి ఈ జిల్లాలో లేదు.

బస్సు స్టాపులో రైఖాన్ అక్క సంచీ భుజానికి తగిలించుకుంది. తర్వాత అంది, "మీ అన్న నన్ను ఎరగడు, అందుకే రాశాడు. నువ్వు నన్ను ఎరుగుదువు కదే. నా బిడ్డకు పాలు చాలకపోతే మీ అమ్మే కదా ఆవు పాలు తెచ్చి పట్టింది. నా తాళం లాక్కున్నాక మూడు వారాలు నా ముఖం చూస్తూ ఎట్లా తిరిగావు?"

ఇక నువ్వు చేయాల్సింది ఒకటి ఉంది. జిల్లాకే కాక ఫ్రూంజెలోని ఆరోగ్య మంత్రిత్వశాఖకూ నువ్వు రాసిన రెండో ఫిర్యాదు ఇంకా నడుస్తోంది. దాన్ని వెనక్కి తీసుకో. రైఖాన్‌కు క్షమాపణ ఉత్తరం రాయి, చేత్తో రాయి, టైపు చేయించకు. ఈ నెలాఖరుకల్లా ఆ పని జరగకపోతే, నోటుపుస్తకం నకలు, ఈ ఉత్తరం నకలు మీ కార్యాలయానికే పంపుతాను. ఎలాగూ నా ఉత్తరాలు ముందు వాళ్లే చదువుతారేమో.

అమ్మను మాస్కో తీసుకుపోతానన్నావు. 'నీ చేతుల్లో వదలను' అన్నావు. నిజమే, నా చేతుల్లో వదలకూడదు. నీ చేతుల్లోనూ పెట్టకూడదు. ఈ మాట నాది కాదు, అమ్మది. విచారణ నుంచి వచ్చిన రోజున ఆమె ముందు కూర్చుని అంతా చెప్పాను. నీ మీద కోపంతో మొదలుపెట్టాను, చివరికి వచ్చేసరికి నీ పేరు ఎత్తడం మర్చిపోయాను. అమ్మ చేతిలో టీ చల్లారిపోయింది.

"తెలుసు" అంది.

"ఏం తెలుసు?"

"పళ్లెం పచ్చగా ఉందన్నప్పుడు నీ ముఖం మారిపోయింది. ఏదో కనిపెట్టింది నా కూతురు, ఇప్పుడు మందు మారుస్తుంది అనుకున్నాను. మర్నాడు రెండు మాత్రలు తెచ్చావు. ఇచ్చి, చెయ్యి పట్టుకుని గడియారం చూస్తూ కూర్చున్నావు. నా ముఖం చూడలేదు."

"మరి ఎందుకు మింగావమ్మా?"

"ఒకడు రాస్తే, ఒకతె ఇచ్చింది. ఇద్దరూ నా పిల్లలే. ఇంకెవరిని అడగాలి నేను?"

అన్నయ్యా, తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. గోడ మీది నీ చీటీని పీకి నాకిచ్చి, పొయ్యిలో వెయ్యమంది. ఆ రోజు నుంచి మందు మన ఇద్దరి చేతా తీసుకోదు. రోజు విడిచి రోజు సగం మాత్ర, గిన్నెడు ఎండు ఆప్రికాట్ల రసం, అదీ రైఖాన్ వచ్చి ఇస్తేనే. నేను గిన్నె అందించబోయినా "అక్కడ పెట్టు" అంటుంది. నేను పెడతాను. రైఖాన్ వచ్చి తీసి ఇస్తుంది.

నేను రాస్తుంటే అమ్మ పక్కనే ఉంది. ఎవరికని అడిగింది. నీకని చెప్పాను. తిట్టావా అని అడిగింది. తిట్టానన్నాను. నీ సంగతీ రాశావా అంది. రాశానన్నాను. ఒక మాట రాయమంది. ఆమె అన్నది అన్నట్టే రాస్తున్నాను: "ఒరే తొక్తోసున్, గొర్రెలు ఈనేటప్పటికి రా. మందులు తేవద్దు. మీరిద్దరూ నా ఎదురుగా ఒక పూట కూర్చోవాలి. ఎవరికెంత తెలుసో నాకొద్దు. నా చెయ్యి పట్టుకుంటే నాడి చూడకండి, ఊరికే పట్టుకోండి."

ఇట్లు,
తెలిసి మాత్ర ఇచ్చిన నీ చెల్లెలు,
జిపార్.